చెవి పోటుకి మెడ తిప్పించే ముందు

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. బాబుకి ఇంకా ఏడాదిన్నర నిండలేదు, అప్పుడే నాలుగోసారి చెవి ఇన్ఫెక్షన్ అంటే ఏ తల్లికైనా టెన్షన్‌గానే ఉంటుంది. రాత్రంతా ఏడుపు, పొద్దున్నే క్లినిక్, మళ్లీ యాంటీబయాటిక్, దాని వెనకే విరేచనాలు. ఇంతలో తెలిసినావిడ ఎవరో వాళ్ల పాపని కైరోప్రాక్టర్‌కి, అంటే వెన్నుపూసల్ని చేత్తో నొక్కి, తిప్పి సరిచేస్తామనేవాళ్లకి, చూపిస్తే మూడు నాలుగు సిట్టింగుల్లో తగ్గిపోయిందని చెప్పింది. మనమూ చూపిద్దామా పెద్దమ్మా అని అడిగావు.

నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకో. వద్దు. పిల్లల ఈఎన్‌టీ వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి చేసినదాన్ని కాబట్టి ఆసుపత్రి వైపే మాట్లాడతానని నీకు అనిపించొచ్చు. అనిపించనీ. ఆవిడ అబద్ధం చెప్పిందని మాత్రం నేను అనను. వాళ్ల పాపకి తగ్గే ఉంటుంది. ఎందుకు తగ్గిందన్న దగ్గరే పేచీ.

ముందు ఆ చెవిలో ఏం జరుగుతోందో తెలుసుకో. కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది, అదే మధ్యచెవి. అక్కడి నుంచి ముక్కు వెనక భాగంలోకి సన్నని గొట్టం ఒకటి దిగుతుంది, యూస్టేషియన్ ట్యూబు. మింగినప్పుడల్లా, ఆవలించినప్పుడల్లా అది ఒక్క క్షణం తెరుచుకుని గాలిని లోపలికి పంపుతుంది, లోపల చేరిన తడిని కిందికి దించుతుంది. పెద్దవాళ్లలో ఆ గొట్టం దాదాపు 35 మిల్లీమీటర్ల పొడవుండి, 45 డిగ్రీల వాలులో ఉంటుంది. చంటిపిల్లల్లో పొడవు అందులో సగమే. వాలు 10 డిగ్రీలకు మించదు. వాలు లేని కాలువలో నీళ్లు నిలిచిపోయినట్టే అక్కడా నిలిచిపోతాయి. జలుబు చేసి ముక్కు వెనక వాచిందంటే ఆ గొట్టం మూసుకుంటుంది, లోపలి నీటిలోకి క్రిములు చేరతాయి, చీము పడుతుంది. ఆ చీము లోపలి నుంచి నొక్కి కర్ణభేరిని ఉబ్బించడమే వాడిని రాత్రి ఏడిపించే పోటు. పడుకుంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అందుకే పగలు ఆడుకున్నవాడు రాత్రి పక్క మీద పెట్టగానే గుక్కపెడతాడు.

ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఈ బెడద ఎక్కువ. తల పెరిగేకొద్దీ గొట్టం పొడుగవుతుంది, వాలు వస్తుంది, జలుబు క్రిములు కూడా ఒంటికి అలవాటవుతాయి. బడికి వెళ్లే వయసు వచ్చి ఆరేడేళ్లు నిండేసరికి చాలామందికి ఇది దానంతటదే వదిలిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇక కైరోప్రాక్టర్లు చెప్పేదేమిటంటే, మెడలోని వెన్నుపూసలు కాస్త పక్కకి జరిగి నరాల మీద నొక్కడం వల్ల చెవి దగ్గర కండరాలు సరిగ్గా పనిచెయ్యవనీ, పూసల్ని సరిచేస్తే నీరు దిగిపోతుందనీ. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ గొట్టాన్ని తెరిచే ముఖ్యమైన కండరానికి నరం మెడలోంచి రాదు. మెదడు నుంచి పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా నేరుగా వచ్చే ఐదో కపాల నరం కొమ్మ అది. మెడ పూసల మధ్య నుంచి దాని దారే లేదు. మధ్యచెవిలోని నీరు దిగేది కూడా ముక్కు వెనక్కే గాని మెడలోకి కాదు. మెడ తిప్పినప్పుడు టక్‌మని వినిపించే శబ్దం ఎముక చోటుకి చేరిన శబ్దమని చాలామంది నమ్ముతారు. అది కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడే చప్పుడు, మనం వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదే.

ఇంకో తమాషా చెప్తాను. ఈ వైద్యం పుట్టిందే చెవి మీద. 1895లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన, హార్వీ లిల్లార్డ్ అనే చెవిటి ఉద్యోగి వీపులో ఒక పూసని నొక్కి సరిచేస్తే అతనికి వినికిడి తిరిగొచ్చిందని ప్రకటించాడు. వినికిడి నరం పుట్టేదీ చేరేదీ రెండూ తలలోనే, వీపు దాకా దిగనే దిగదు. అయినా ఆ కథ మీదే ఒక వైద్యం నిలబడింది. ఈ రోజు ఆ వృత్తిలో ఉన్నవాళ్లంతా పామర్ మాటలు నమ్ముతారని కాదు. నడుం నొప్పి వరకే పని పెట్టుకునే బుద్ధిమంతులు చాలామంది ఉన్నారు. పెద్దవాళ్ల నడుం నొప్పికి ఆ పద్ధతి కొంతవరకు పనికొస్తుంది కూడా. పసివాడి చెవికి అని చెప్పేవాళ్లతోనే నా పేచీ.

మరి ఆ పాపకి ఎలా తగ్గింది?

చెవి ఇన్ఫెక్షన్లు ఏడాది పొడవునా సమంగా రావు, గుంపులుగా వస్తాయి. జలుబులు తిరిగే కాలంలో రెండు మూడు వెంట వెంటనే వస్తాయి, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ ఉండదు. తల్లిదండ్రులు కొత్త వైద్యం కోసం వెతికేది ఎప్పుడు? ఆ గుంపు నడినెత్తిన ఉన్నప్పుడే. అక్కడి నుంచి ఏం చేసినా కిందికే దిగుతుంది. మెడ తిప్పినా, తావీదు కట్టినా, ఏమీ చెయ్యకపోయినా. ఆ వారాల్లో ఎవరి చెయ్యి పడితే పేరు వాళ్లకే వస్తుంది.

ఇది నా ఊహ కాదు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మాటిమాటికీ చెవి ఇన్ఫెక్షన్ వచ్చే, మూడేళ్లు నిండని 250 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కర్ణభేరిలో చిన్న గొట్టాలు పెట్టారు, వాటినే ట్యూబులు అంటారు, రెండో జట్టుకి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా మందు ఇచ్చారు. రెండేళ్లు చూస్తే రెండు జట్లలోనూ ఏడాదికి ఒక్కొక్కరికి సగటున ఒకటిన్నర ఇన్ఫెక్షన్లే. ఆ పిల్లలు అందులో చేరేనాటికి ఆరు నెలల్లో మూడుసార్లో, ఏడాదిలో నాలుగుసార్లో బాధ పడినవాళ్లని మర్చిపోకు. ట్యూబు వేయనివాళ్లకి కూడా అంత తగ్గింది. వాళ్లలో ఎవరినైనా ఆ సమయంలో కైరోప్రాక్టర్ చూసి ఉంటే, తన చేతి మహిమే అని ఆయనే మనస్ఫూర్తిగా నమ్మేవాడు. మోసం చెయ్యాలని ఎవరూ అనుకోనక్కర్లేదు, కాలమే ఆ పని చేసిపెడుతుంది.

అందుకే ఇలాంటి చోట రెండు జట్ల పరీక్ష కావాలి. పిల్లల చెవి ఇన్ఫెక్షన్లకి కైరోప్రాక్టిక్ పనిచేస్తుందని చూపించిన గట్టి పరీక్ష ఒక్కటీ లేదు. ఉన్నవి చాలావరకు పోల్చి చూడ్డానికి రెండో జట్టు లేకుండా, వచ్చిన పిల్లల్లో ఎంతమందికి తగ్గిందో రాసుకున్న కాగితాలే. బ్రిటన్‌లో సైమన్ సింగ్ అనే సైన్స్ రచయిత 2008లో ఈ మాటే రాశాడు, చంటిపిల్లల ఏడుపుకీ చెవి ఇన్ఫెక్షన్లకీ ఈ వైద్యం పనిచేస్తుందనడానికి ఆధారం లేదని. అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం ఆయన మీద పరువునష్టం దావా వేసింది. రెండేళ్లు నడిచాక 2010లో అప్పీలు కోర్టు ఆయన వైపు తీర్పు ఇవ్వడంతో ఆ సంఘమే కేసు వెనక్కి తీసుకుంది. 2019లో ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రానికి చెందిన సేఫర్ కేర్ విక్టోరియా సంస్థ, పన్నెండేళ్లలోపు పిల్లల వెన్నెముక మీద చేసే ఈ చికిత్స గురించి వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఆధారం చాలా బలహీనంగా ఉందని తేల్చింది. హాని జరిగిన దాఖలాలు కూడా తక్కువేనని అదే నివేదిక చెప్పింది. అదీ చెప్పాలి కదా, ఒక వైపే చెప్పకూడదు. ఆ ఏడాదే అక్కడి కైరోప్రాక్టిక్ బోర్డు, రెండేళ్లలోపు పిల్లల వెన్ను మీద మానిప్యులేషన్, అంటే చేత్తో పూసల్ని సవరించడం, చెయ్యొద్దని తన సభ్యులకి తాత్కాలికంగా ఆంక్ష పెట్టింది.

ఇక ప్రమాదం ఎంత? భయపెట్టను. 2007లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యపత్రికలో వచ్చిన సమీక్ష అంతవరకు ప్రచురితమైన కేసులన్నీ వెతికితే, ఈ చికిత్స వల్ల నేరుగా హాని జరిగిన పిల్లలు 14 మంది దొరికారు. అందులో 9 తీవ్రమైనవి, మెదడు చుట్టూ రక్తస్రావం, కాళ్లు పడిపోవడం లాంటివి. ప్రపంచంలో ఇన్ని వేల మంది పిల్లల మెడలు పట్టినచోట ఇది అరుదే. నన్ను ఆలోచింపజేసింది ఆ సమీక్షలోని రెండో లెక్క. అసలు జబ్బుని గుర్తించడం ఆలస్యమో, చెయ్యకూడని స్థితిలో ఈ చికిత్స చెయ్యడమో జరిగినవి ఇంకో 20 కేసులు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఉన్న పిల్లలకి వెన్ను సవరించిన కేసు కూడా అందులో ఉంది. పోయేది మెడ కాదమ్మా, సమయం. పసివాడికి ఏమైందో ముందు తేల్చకుండా చెయ్యి వేసేవాళ్లే నాకు భయం.

ఇంత చెప్పినా ఇంట్లో ఎవరో ఒకరు పట్టుబడతారని నాకు తెలుసు. డాక్టరు ఐదు నిమిషాల్లో చూసి పంపిస్తే, అక్కడ అరగంట కూర్చోబెట్టి నీ కష్టమంతా వింటారు. ఆ వినడంలోనే సగం ఊరట ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. తప్పనిసరై వెళ్తే మాత్రం నువ్వు ఒడిలోంచి బాబుని దించకు. మెడని ఒక్కసారిగా తిప్పడం, తలకిందులుగా పట్టుకోవడం, పడుకోబెట్టిన బల్ల టక్‌మని కిందికి దిగేట్టు గట్టిగా నొక్కడం, వీటిలో ఏదీ ఒప్పుకోకు. వేలికొనతో మెల్లగా నొక్కుతామంటే హాని తక్కువే, ప్రయోజనమూ అంతే. చెవికి అని చెప్పి వెన్నుకి ఎక్స్‌రే తీస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. పన్నెండు సిట్టింగులు ముందే కట్టమంటే ఒక్క ప్రశ్న అడుగు: ఎన్ని సిట్టింగుల తర్వాత తగ్గకపోతే మీరే ఆపేస్తారు? జవాబు చెప్పలేనివాడు అసలు ఆపడు. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మానేయమన్నా, టీకాలు వద్దన్నా ఇక ఆ గుమ్మం ఎక్కకు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లలో మెడ పై రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉండే అవకాశం ఉంది కాబట్టి వాళ్ల మెడని తిప్పనే కూడదు. మన బాబుకి అది లేదు, ఆ మాట అడిగే తల్లి ఎదురైతే చెప్పు.

ఇప్పుడు చెయ్యాల్సిన పనికి వద్దాం.

మొదట, ఈ నాలుగూ నిజంగా ఇన్ఫెక్షన్లేనా అని తేల్చుకో. నేను చూసినంతలో గొడవంతా ఇక్కడే. చెవి పట్టుకుని లాగడం ఒక్కటే గుర్తు కాదు, పళ్లు వచ్చేటప్పుడూ నిద్ర వచ్చినప్పుడూ కూడా లాగుతారు. ఏడ్చే పిల్లాడి కర్ణభేరి ఎర్రగానే ఉంటుంది, గుక్కపట్టి ఏడిస్తే ముఖం ఎర్రబడదూ, అలాగే. డాక్టరు చూడాల్సింది ఎరుపు కాదు, ఉబ్బు. చెవిలోకి చూసే ఓటోస్కోపుకి చిన్న రబ్బరు బల్బు తగిలించి చెవిలోకి కొంచెం గాలి ఊదుతారు. మంచి కర్ణభేరి ఆ గాలికి లోపలికీ బయటికీ కదులుతుంది. వెనక నీరో చీమో ఉంటే కదలదు. ఆ గాలి పరీక్ష చేశారా అని అడుగు. టింపనోగ్రామ్ అనే పరీక్ష కూడా ఉంది, చెవిలో మెత్తని బిరడా పెట్టి నిమిషంలోపే గ్రాఫ్ గీస్తుంది. కొండలా లేస్తే చెవి బాగున్నట్టు, చదునుగా పడుకుంటే లోపల నీరు నిలిచినట్టు. ఇన్ఫెక్షన్ పోయిన తర్వాత కూడా నీరు మిగులుతుంది. రెండు వారాలకి నూటికి 70 మంది పిల్లల్లో, నెలకి 40 మందిలో, మూడు నెలలకి 10 మందిలో. అలా మిగిలిన నీటిని చూసి కొత్త ఇన్ఫెక్షన్ అనుకుని మళ్లీ యాంటీబయాటిక్ రాసిన చీటీలు నేను చాలా చూశాను.

ఒక నోట్‌బుక్ పెట్టు. తేదీ, జ్వరం ఎంత, ఏ చెవి, డాక్టరు ఏం చూశారు, ఏ మందు, ఎన్ని రోజులు. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు వచ్చి అందులో ఒకటైనా గత ఆరు నెలల్లో వచ్చి ఉంటే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే చెవి ఇన్ఫెక్షన్ అంటారు. నీ లెక్క నిజమైతే బాబు ఆ గీత దాటాడు, కాబట్టి పిల్లల డాక్టరు దగ్గర చీటీ తీసుకుని ఈఎన్‌టీకి చూపించే వేళ వచ్చింది. అక్కడ వినికిడి పరీక్ష కూడా అడుగు. మూడు నెలలకి మించి నీరు నిలిస్తే వినికిడి మందగిస్తుంది. మాటలు నేర్చుకునే వయసు వాడిది. పేరు పిలిస్తే తిరగడం తగ్గిందా, టీవీ దగ్గరికి జరుగుతున్నాడా గమనించు.

ట్యూబుల గురించి వాళ్లే చెప్తారు. కర్ణభేరిలో ఆవగింజంత గొట్టం పెడతారు, ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో దానంతటదే రాలిపోతుంది. నీరు మూడు నెలలుగా నిలిచి వినికిడి తగ్గినవాళ్లకి అది మేలు చేస్తుంది. ఊరికే ఇన్ఫెక్షన్లు వస్తూ, మధ్య మధ్య చెవి శుభ్రంగా ఉంటే తొందరపడక్కర్లేదు, ఇందాకటి పరిశోధన చెప్పింది అదే.

రాత్రి పోటు వస్తే మొదట తగ్గించాల్సింది నొప్పిని. బరువుని బట్టి పారాసిటమాల్ ఇవ్వు, మోతాదు డాక్టరుతో రాయించి ఫ్రిజ్ మీద అంటించుకో. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. చెవిలో ఏదీ పొయ్యకు, కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నేరుగా లోపలికి పోతుంది. యాంటీబయాటిక్ ప్రతిసారీ అవసరం లేదని నువ్వు విన్నది నిజమే. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో ఒక చెవికే వచ్చి, నొప్పి కొద్దిగానే ఉండి, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ (దాదాపు 102 ఫారెన్‌హీట్) దాటకపోతే రెండు మూడు రోజులు ఆగి చూడొచ్చు. రెండు చెవులకీ వస్తే మాత్రం ఆగరు. ఆ ఆగడం కూడా డాక్టరు చూసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాకే, మనంతట మనం కాదు. మందు మొదలుపెడితే చెప్పినన్ని రోజులూ వెయ్యి. పాత సీసాలో మిగిలింది అసలు వాడకు.

రాకుండా చూసుకునే పనులు చిన్నవే, కానీ మెడ పట్టించడం కంటే వీటికి ఆధారం ఎక్కువ. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టకు, తల ఎత్తి పట్టుకుని తాగించు. పాసిఫైయర్ ఉంటే మాన్పించు. ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగకూడదు, బాల్కనీలో తాగి వచ్చి ఎత్తుకున్నా బట్టలకి పొగ ఉంటుంది. మీ ఆయనకి ఈ వాక్యం చూపించు. న్యుమోకాకల్ టీకా అన్ని డోసులూ అయ్యాయో కార్డు చూడు, ఫ్లూ టీకా ఏటా వేయించు. డే కేర్‌లో గదికి ఇరవై మంది పిల్లలుంటే జలుబులు తప్పవు. తక్కువ మంది ఉండే చోటు దొరికితే మార్చు, దొరక్కపోతే దానికి బాధ పడకు.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి: చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి చెవి ముందుకి తోసుకొస్తే, ముఖం ఒక పక్క జారితే, మెడ బిగుసుకుపోతే, లేపినా లేవనంత మగతగా ఉంటే, తూలి పడుతుంటే. ఇందులో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకు. చెవిలోంచి చీము కారితే మాత్రం కంగారు పడకు. అప్పటికి ఒత్తిడి తగ్గి నొప్పి కూడా తగ్గుతుంది, చిల్లు చాలాసార్లు దానంతటదే మూసుకుంటుంది. ఆ రోజో మర్నాడో డాక్టరుకి చూపిస్తే సరిపోతుంది.

ఆ కైరోప్రాక్టర్ అపాయింట్‌మెంట్ ఇప్పటికే తీసుకుని ఉంటే ఈ రోజే కాన్సిల్ చెయ్, ఆ ఫోనుతోనే ఈఎన్‌టీకి కూడా చెయ్. టింపనోగ్రామ్ తీస్తే కాగితం ఫోటో తీసి నాకు పంపు. గ్రాఫ్ చదునుగా ఉందో లేచిందో నేను చూసి చెప్తాను. మిగతాది వీడియో కాల్‌లో మాట్లాడుకుందాం, వాడు నిద్రపోయాక చెయ్.

ఇట్లు,
పెద్దమ్మ